గుల్ల తీసేముందు తలుపు చూడండి

ఈ నెల రాసే వంతు నాదని గ్రూపులో గుర్తుచేసినప్పుడు నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. "నర్సువి కదా, షుగరు గురించో బీపీ గురించో రాసెయ్" అన్నారు కొందరు. అవి మీరు రోజూ ఫార్వర్డుల్లో చదువుతూనే ఉన్నారు. అందుకని ఈసారి మా టాంపా బే గురించి, అందులో కాపురం ఉండే గుల్లల గురించి రాస్తున్నాను. దీనికి కారణం ఒక ప్లాస్టిక్ బకెట్టు.

పోయిన వేసవిలో మా అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చారు. ఆవిడ పుట్టిల్లు తాళ్లరేవు దగ్గర, కోరింగ మడ అడవుల పక్కన. ఇక్కడికొచ్చిన వారానికే "ఇల్లూ కారూ తప్ప ఏమీ కనపడట్లేదమ్మాయ్, సముద్రం చూపించు" అన్నారు. ఆదివారం ఫోర్ట్ డి సోటో పార్కుకి తీసుకెళ్లాం. నీళ్లు బాగా వెనక్కి పోయి ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. తొమ్మిదేళ్ల మా అమ్మాయి గంటసేపు వంచిన నడుం ఎత్తకుండా గుల్లలు ఏరింది. బకెట్టు నింపుకుని ఇంటికొచ్చి గరాజ్‌లో పెట్టి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి గరాజ్‌లోంచి కంపు. అత్తయ్య బకెట్టు బయటికి లాగి, ఒక గుల్లని తిప్పి చూసి, కాసేపు మాట్లాడలేదు. "ఇవి బతికున్నవే తెచ్చింది అమ్మాయ్. ఇదిగో తలుపు చూడు" అన్నారు. గుల్ల నోటి దగ్గర గోరంత గోధుమరంగు రేకు ఉంది. లోపల జీవి ముడుచుకుని తలుపేసుకున్న గుర్తు అది. లెక్కపెడితే ఇరవై ఒకటి. ఒక్కటీ బతకలేదు. మా అమ్మాయి ఆ రోజు అన్నం తినలేదు. నాకు మాత్రం నా మీదే కోపం వచ్చింది. రోజూ పన్నెండు గంటలు మనుషుల నాడి పట్టుకుని చూసేదాన్ని, నా కారు డిక్కీలో ఇరవై ఒక్క ప్రాణాలున్నాయని చూసుకోలేదు.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా అత్తయ్యతో, పిల్లతో కలిసి ఆ తీరమంతా మళ్లీ తిరిగాను. ఈసారి బకెట్టు లేకుండా. అప్పుడు నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

ముందు ఊరి పరిచయం

మన గ్రూపులో కువైట్, మస్కట్ వాళ్లున్నారు కాబట్టి ముందే చెబుతున్నా, ఇక్కడ గల్ఫ్ అంటే ఫ్లోరిడాకి పడమటి వైపున్న గల్ఫ్ సముద్రం. దాని నుంచి లోపలికి చొచ్చుకొచ్చిన ఖాతం టాంపా బే. దాదాపు 400 చదరపు మైళ్లు ఉంటుంది. ఫ్లోరిడాలో ఇలా నది నీళ్లూ సముద్రపు నీళ్లూ కలిసే ఖాతాల్లో ఇదే పెద్దది. అంత విశాలంగా ఉన్నా సగటు లోతు పన్నెండు అడుగులు కూడా ఉండదు. వెచ్చని నీళ్లు, తక్కువ లోతు, అడుగుదాకా దిగే ఎండ. గుల్లజీవులకి ఇంతకంటే మంచి పేట దొరకదు.

గుల్లజీవులంటే స్కూల్లో మొలస్కా అని చదువుకున్నాం కదా, అవే. మెత్తని ఒళ్లు, చాలావాటికి పైన గట్టి గుల్ల. నత్తల్లా ఒకటే గుల్ల ఉన్నవి కొన్ని. ఆల్చిప్పల్లా రెండు చిప్పలు కలిసినవి కొన్ని. నేను మొదట అన్నీ ఎక్కడపడితే అక్కడ ఉంటాయనుకున్నాను. కాదు. మన ఊళ్లో ఏ వీధికి ఆ వీధి ఉన్నట్టు, ఖాతంలో ఏ చోటికి ఆ చోట కాపురాలు వేరు. చోటు పోతే ఆ కాపురమూ పోతుంది. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

మడ చెట్ల వీధి

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వీడన్ ఐలాండ్ ప్రిజర్వ్ అని ఉంది. చెక్క వంతెన మీద నడుస్తూ మడ అడవి లోపలికి వెళ్లొచ్చు. ఎర్ర మడ చెట్ల వేళ్లు గొడుగు కాడల్లా నీళ్లలోకి దిగి ఉంటాయి. అత్తయ్య రెయిలింగు పట్టుకుని వంగి చూసి, "ఇది మా కోరింగే" అన్నారు. ఆవిడ గొంతులో ఏదో మారింది. మూడు నెలలు ఇక్కడుండి ఏ దుకాణం చూసినా, ఏ భవనం చూసినా అలా మాట్లాడలేదు.

ఆ వేళ్లకి ఆయిస్టర్లు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. కొమ్మల మీద చిన్న చిన్న నత్తలు పోటు వచ్చేకొద్దీ పైకి పాకుతాయి, నీళ్లు తీసేకొద్దీ కిందికి దిగుతాయి. వాటికి తడి కావాలి, కానీ మునిగిపోతే కుదరదు. రాలిన మడ ఆకు కుళ్లి బురద అవుతుంది. ఆ బురదలో పుట్టే సూక్ష్మజీవులే ఎన్నో గుల్లజీవులకి తిండి. ఒడ్డున ఇల్లు కట్టేవాళ్లు "వ్యూ అడ్డమొస్తోంది" అని మడ చెట్టు నరికేస్తే అక్కడ పోయేది చెట్టొకటే కాదన్నమాట. ఫ్లోరిడాలో మడ చెట్ల కొమ్మలు కత్తిరించడానికి కూడా చట్టం ఉంది, ఇష్టం వచ్చినట్టు కొట్టకూడదు.

ఆయిస్టర్ల మేడలు

ఆయిస్టర్ పిల్ల పుట్టాక రెండు మూడు వారాలు నీళ్లలో తేలుతూ తిరుగుతుంది. తర్వాత ఒక గట్టి చోటు చూసుకుని అతుక్కుంటుంది. ఇక జన్మంతా అక్కడే. దానికి అన్నిటికంటే ఇష్టమైన చోటు పాత ఆయిస్టర్ గుల్ల. అలా తాతల గుల్లల మీద తండ్రులు, వాటి మీద పిల్లలు అతుక్కుంటూ మేడ లేస్తుంది. ఆ సందుల్లో పీతలు, రొయ్యలు, చేపపిల్లలు దాక్కుంటాయి. అలలు ఆ మేడలకి తగిలి నెమ్మదిస్తాయి కాబట్టి వెనకున్న ఒడ్డు కోసుకుపోదు.

పెద్ద ఆయిస్టర్ ఒకటి అన్నీ అనుకూలంగా ఉంటే రోజుకి 50 గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 190 లీటర్ల నీటిని వడకడుతుందని చెబుతారు. మా ఆయన కిచెన్‌లో పెట్టించిన ఫిల్టరు కార్ట్రిడ్జి ఆర్నెల్లకోసారి మార్చాలి. వీటికి మార్చేపని లేదు.

ఒకప్పుడు ఈ మేడల్లో చాలావాటిని తవ్వి ఎత్తుకెళ్లారు. ఇక్కడ పూర్వం టొకోబాగా అనే ఆదివాసులు ఉండేవారు. తరతరాలుగా వాళ్లు తిని పడేసిన గుల్లలు గుట్టలుగా పేరుకున్నాయి. సేఫ్టీ హార్బర్‌లో ఫిలిప్ పార్కుకి వెళ్తే వాళ్ల దిబ్బ ఒకటి ఇప్పటికీ చూడొచ్చు. అలాంటి గుట్టలు చాలావరకు వందేళ్ల కిందట రోడ్లకి పరుపు వెయ్యడానికి వాడేశారు. ఇది చెబితే అత్తయ్యకి వింత అనిపించలేదు. "మా ఊళ్లో ఆడవాళ్లు నీళ్లు తీసినప్పుడు బురదలో దిగి చిప్పలు ఏరేవారు. మాంసం కూరకి, గుల్ల సున్నపు బట్టీకి. సంక్రాంతికి మా గోడలకి వేసిందీ, మా అమ్మ తాంబూలంలో రాసుకుందీ ఆ సున్నమే" అన్నారు. కాకినాడ ఖాతంలోనూ రక్తపు చిప్పలు, పల్చటి అద్దంలాంటి చిప్పలు, ఇంకా ఎన్నో రకాలున్నాయి. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. హోప్ ఐలాండ్ అడ్డుగా నిలబడి ఆ ఖాతాన్ని బంగాళాఖాతం అలల నుంచి కాస్తోంది. మడ, బురద, ఇసుక మేట, ఉప్పునీరు, మంచినీరు. అత్తయ్యకి టాంపా పరాయి ఊరు అనిపించకపోవడానికి కారణం అదే.

నానమ్మా, నీ శంఖం నడుస్తోంది!

ఇప్పుడు మా ఇంటి రహస్యం ఒకటి చెబుతాను. అత్తయ్య పూజ సామానులో ఒక దక్షిణావర్త శంఖం ఉంది. చాలా ఏళ్ల కిందట తీర్థయాత్రకి వెళ్లినప్పుడు ఒక దుకాణంలో బాగా డబ్బు పోసి కొన్నారు. అమెరికా వచ్చేటప్పుడు పట్టుచీరలో చుట్టి తెచ్చుకున్నారు.

మన పూజలో వాడే మామూలు శంఖం దక్షిణాది సముద్రంలో, ముఖ్యంగా తూత్తుకుడి వైపు దొరుకుతుంది. సన్నగా ఉన్న కొనని పైకి పెట్టి నోరు మనవైపు తిప్పి పట్టుకుంటే, నోరు ఎడమవైపుంటుంది. అలా కుడివైపున్నది దక్షిణావర్తం. ఆ జాతిలో అలా పుట్టడం చాలా చాలా అరుదు. అందుకే అంత ధర, అంత మహిమ.

రెండోసారి ఫోర్ట్ డి సోటో వెళ్లినప్పుడు, మోకాలి లోతు నీళ్లలో గడ్డి అంచున మా అమ్మాయి ఒక్కసారిగా అరిచింది. "నానమ్మా, ఇలా రా! నీ శంఖం నడుస్తోంది!" చూస్తే జానెడు గుల్ల. బూడిదరంగు మీద మెరుపు తీగల్లా నిలువు చారలు. కింద నల్లటి పాదం చాపుకుని మెల్లగా ఇసుకని దున్నుకుంటూ పోతోంది. నోరు కుడివైపు! పక్కనే ఇంకొకటి. అదీ కుడివైపే.

దాని పేరు లైట్నింగ్ వెల్క్. ఈ జాతిలో దాదాపు అన్నీ అలాగే పుడతాయి. ఇక్కడ అది అరుదు కాదు, అదే మామూలు. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి ఇంకో ముక్క: 1987 నుంచి మీ రాష్ట్ర అధికారిక గుల్ల ఇదే. మా ఫ్లోరిడా రాష్ట్ర గుల్ల వేరు, హార్స్ కాంక్. 1969లో ప్రకటించారు. రెండడుగుల దాకా పెరుగుతుంది, పెద్ద పెద్ద నత్తల్ని కూడా పట్టి తినేస్తుంది.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది. ఈ అమెరికా వెల్క్ గుల్లల్ని మన దేశంలో దక్షిణావర్త శంఖాలని చెప్పి అమ్మేవాళ్లు ఉన్నారట. తేడా తెలుసుకోవడం తేలికే. అసలు శంఖం నోట్లోకి చూస్తే లోపలి స్తంభం మీద మూడు నాలుగు గట్టి మడతలు గీతల్లా కనపడతాయి. వెల్క్‌కి అవి ఉండవు. నేను చెప్పాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను. చివరికి అత్తయ్యే టార్చిలైటు అడిగి లోపలికి చూశారు. మడతలు లేవు.

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. చీరకొంగుతో తుడిచి మళ్లీ పీఠం మీద పెట్టారు. "వాడు నన్ను మోసం చేశాడు, నిజమే. ఇదేం చేసింది? ఇన్నేళ్లు అభిషేకం చేశాను. మీ ఊరి నుంచి మా ఊరికొచ్చి, నాతో మళ్లీ మీ ఊరికొచ్చింది. ఉండనీ" అన్నారు. ఆ సాయంత్రం మాత్రం "కొనేవాళ్లుంటేనే కదమ్మా ఏరేవాళ్లుంటారు" అని ఒక మాట అన్నారు. అది నా మనసులో అలాగే ఉండిపోయింది.

మీ ఇళ్లల్లోనూ అలాంటి శంఖం ఉంటే టార్చి వేసి చూసుకోండి. మడతలు లేకపోతే పారెయ్యమని నేను చెప్పను. కొత్తది కొనేముందు మాత్రం ఆలోచించండి.

సముద్రపు గడ్డిలో పసిపిల్లలు

నీళ్ల అడుగున పచ్చటి పచ్చికబయళ్లు ఉంటాయని ఇక్కడికొచ్చేదాకా నాకు తెలీదు. ఇది నాచు కాదు. వేళ్లు, ఆకులు, పూలు ఉన్న నిజమైన గడ్డి. టర్టిల్ గ్రాస్, మనాటీ గ్రాస్, షోల్ గ్రాస్ అని ఇక్కడ ముఖ్యంగా మూడు రకాలు. వెల్క్‌లు, ట్యులిప్ నత్తలు, రకరకాల చిప్పలు దాని నీడలో బతుకుతాయి. వాటన్నిటిలో ముద్దొచ్చేది బే స్కాలప్. విసనకర్ర ఆకారం గుల్ల, అంచున పూసల్లా వరసగా పదులకొద్దీ నీలి కళ్లు. శత్రువు కనపడితే రెండు చిప్పలూ టపటపా కొట్టుకుంటూ ఈదేస్తుంది! దాని పిల్లలు ముందు గడ్డి ఆకుకి అతుక్కుని పెరుగుతాయి. ఆయుష్షు ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. అంటే ఒక్క ఏడు సరిగ్గా పిల్లలు పుట్టకపోతే మరుసటి ఏడు ఖాతం ఖాళీ.

సరిగ్గా అదే జరిగింది. 1950 ప్రాంతంలో ఇక్కడ దాదాపు 40 వేల ఎకరాల సముద్రపు గడ్డి ఉండేది. ఊళ్లు పెరిగాయి. సరిగా శుద్ధి చెయ్యని మురుగునీరు ఖాతంలోకి వదిలారు. మురుగులోని నైట్రోజన్‌తో నాచు విపరీతంగా పెరిగి నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. అడుగుకి ఎండ దిగక గడ్డి చచ్చింది. 1960లకే స్కాలప్‌లు కనపడకుండా పోయాయి. 1982కి గడ్డి సుమారు 21,600 ఎకరాలకి పడిపోయింది.

జనం ఊరుకోలేదు. ఫిర్యాదులు చేశారు, పోరాడారు. 1972లో ఖాతంలోకి వదిలే మురుగుని గట్టిగా శుద్ధి చేసి తీరాలని రాష్ట్రం చట్టం చేసింది. టాంపా నగరం తన మురుగు ప్లాంటుని 1979లో మార్చుకుంది. 1991లో టాంపా బే ఎస్చురీ ప్రోగ్రామ్ మొదలైంది. చుట్టూ ఉన్న నగరాలు, కౌంటీలు, పరిశ్రమలు కలిసి నైట్రోజన్ లెక్కలు రాసుకుని తగ్గించుకుంటూ వచ్చాయి. 2016 లెక్కకి గడ్డి 41,655 ఎకరాలు. అంటే 1950 నాటికంటే ఎక్కువ! పెరుగుతున్న ఊరి పక్కన ఒక ఖాతం ఇలా తిరిగి లేవడం ప్రపంచంలోనే అరుదు.

టాంపా బే వాచ్ అనే స్వచ్ఛంద సంస్థ 1993 నుంచి ఏటా ఆగస్టు ప్రాంతంలో వాలంటీర్లతో స్కాలప్‌లు వెతికిస్తుంది. మూతికి స్నార్కెల్ పెట్టుకుని, తాడు వెంట ఈదుతూ లెక్కపెట్టాలి. లెక్కే, పట్టుకోవడం లేదు. 2009లో 674 దొరికాయి. కొన్ని ఏళ్లలో పదుల్లోనే. టాంపా బేలో స్కాలప్‌లు పట్టుకుని తినడం ఇప్పటికీ నిషేధం. అందుకు అనుమతి ఉన్న చోట్లు మాకు ఉత్తరాన ఉన్నాయి, అదీ నిర్ణయించిన రోజుల్లోనే.

కథ ఇక్కడ సుఖాంతమైతే బాగుండేది. 2021లో పైనీ పాయింట్ అనే పాత ఎరువుల ఫ్యాక్టరీ చెరువు గట్టు తెగేలా ఉందని, అందులోంచి సుమారు 215 మిలియన్ గ్యాలన్ల కలుషిత నీరు ఖాతంలోకి వదిలారు. ఆ వేసవిలోనే ఎర్రపోటు వచ్చింది. రెడ్ టైడ్ అంటారే, విషపు సూక్ష్మజీవుల ఉప్పెన. చచ్చిన చేపల్ని టన్నులకొద్దీ ఎత్తారు. గడ్డి అంతకుముందు నుంచే తగ్గుతూ వస్తోంది. 2022 లెక్కకి 30,137 ఎకరాలు. ఆరేళ్లలో నాలుగో వంతుకి పైగా పోయిందన్నమాట. 2024 లెక్కలో కాస్త పుంజుకుంది.

మన దేశం నుంచి వచ్చిన చుట్టం

1999లో టాంపా బే పక్కన కరెంటు ప్లాంటులో నీళ్ల గొట్టాలు పూడుకుపోతున్నాయని చూస్తే, లోపల గుత్తులు గుత్తులుగా పచ్చటి ఆల్చిప్పలు. ఆసియా పచ్చ మసెల్. మన భారతదేశపు తీరాల్లో, హిందూ మహాసముద్రంలో పుట్టి పెరిగే జాతి. ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్లలో పిల్లలు కలిసి వచ్చి ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. "మనకంటే ముందే వచ్చాయి, వీసా కూడా లేకుండా" అని మా ఆయన జోకు.

జోకు బాగానే ఉంది కానీ, అవి వంతెన స్తంభాల మీద ఆగలేదు. ఆయిస్టర్ల మేడల మీద కూడా పరుచుకుని కొన్నిచోట్ల వాటికి ఊపిరాడకుండా చేశాయి. చలికి మాత్రం తట్టుకోలేవు. గట్టి చలికాలం వస్తే చాలా చచ్చిపోతాయి. పొరుగు దేశానికి వచ్చి బతకడం తప్పు కాదు, కానీ ముందునుంచీ ఉన్నవాళ్ల చోటు తెలుసుకుని మసలుకోవాలి. ఆ మసెల్‌కి అది తెలీదు. మనకి తెలుసు కదా.

మన లాన్‌కీ స్కాలప్‌కీ చుట్టరికం

ఇది మాత్రం కాస్త గుచ్చుకుంటుంది, ముందే చెబుతున్నా. మాది న్యూ టాంపా. సముద్రానికి ముప్పావుగంట ప్రయాణం. మా ఇంటికీ ఖాతానికీ ఏం సంబంధం అనుకునేదాన్ని. మా లాన్ గడ్డి ఒకసారి ఎండిపోతే కాలనీ అసోసియేషన్ వాళ్లు హెచ్చరిక ఉత్తరం పంపారు. అది చూసి మా ఆయన రెండు బస్తాల ఎరువు తెచ్చి జూలైలో చల్లేశారు. సాయంత్రం వాన దంచికొట్టింది. ఎరువంతా వీధి కాలవలోకి, అక్కడి నుంచి వెనకున్న చెరువులోకి, ఆ చెరువు నుంచి హిల్స్‌బరో నదిలోకి, నది నుంచి ఖాతంలోకి. మురుగు ప్లాంటుని కోట్లు పోసి బాగుచేసుకున్నారు. మన ఇళ్ల ముందు నుంచి కొట్టుకుపోయేదానికి మాత్రం ఏ ప్లాంటూ లేదు.

టాంపా నగరంలో, పిన్నెలస్ కౌంటీలో జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా లాన్‌కి నైట్రోజన్, ఫాస్ఫరస్ ఎరువు వెయ్యకూడదని నిబంధన ఉంది. సరిగ్గా వానాకాలం అది. మాకు ఆ సంగతే తెలీదు! నా తోటి నర్సు చెబితే తెలిసింది. ఇప్పుడు మేం చేస్తున్నవి ఇవి:

వేసవిలో ఎరువు లేదు. గడ్డి పాలిపోతే నైట్రోజన్ లేని ఐరన్ మందు వేస్తాం, పచ్చబడుతుంది. అసోసియేషన్‌కి నగర నిబంధన కాగితం జతచేసి మర్యాదగా ఉత్తరం రాశాను. తర్వాత మళ్లీ ఉత్తరం రాలేదు. కత్తిరించిన గడ్డిని వీధిలోకి ఊదకుండా లాన్ మీదే వదిలేస్తున్నాం. ఇంటి ముందు సగం గడ్డి తీసేసి కరివేపాకు, మునగ, మందారం వేశాం. మునక్కాడలు అసోసియేషన్ ప్రెసిడెంటుగారింటికి కూడా వెళ్లాయి.

మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా మీ కౌంటీ పేరు కొట్టి ఎరువుల నిబంధన ఉందేమో చూడండి. ఐదు నిమిషాల పని.

నర్సుగా రెండు మాటలు

ఆయిస్టర్ నీటిని వడకడుతుందని చెప్పాను కదా. వడకట్టినది కొంత దాని ఒంట్లోనే ఉంటుంది. వెచ్చటి సముద్రపు నీళ్లలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. లివరు జబ్బు ఉన్నవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు పచ్చి ఆయిస్టర్లు అసలు ముట్టొద్దు. ఆఫీసు పార్టీలో ఎవరు బలవంతపెట్టినా సరే. ఉడికించి తింటే విబ్రియో చస్తుంది. ఎర్రపోటు విషం మాత్రం ఉడికించినా పోదు. అందుకే మనంతట మనం ఏరుకునేముందు ఆ చోటు తెరిచి ఉందో మూసేశారో రాష్ట్రం వాళ్ల సమాచారం చూసుకోవాలి.

కాలికి దెబ్బ, పుండు ఉంటే వెచ్చటి ఉప్పునీళ్లలో దిగొద్దు. తుఫాను వరదనీళ్లలో అసలే వద్దు. దిగాక పుండు చుట్టూ ఎర్రబడి, వాచి, నొప్పి గంటగంటకీ పెరుగుతుంటే పొద్దున దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఉప్పునీళ్లు తగిలాయని డాక్టరుకి మీరే చెప్పండి. ఆ ఒక్క మాట చాలా సమయం ఆదా చేస్తుంది.

ఏరేముందు

పిల్లలకి గుల్లలు ఏరడం మాన్పించమని నేను అనను. సముద్రం మీద ప్రేమ అక్కడే పుడుతుంది. కానీ ఇవి చూడండి.

నోటి దగ్గర తలుపు ఉందా? ఉంటే అది ఖాళీ ఇల్లు కాదు. తలుపు లేకపోతే లోపల కాళ్లు కదులుతున్నాయేమో చూడండి. సన్యాసి పీత అద్దెకు దిగి ఉండొచ్చు. రెండు చిప్పలు గట్టిగా మూసుకుని ఉన్నాయా? బతికున్నట్టే. చిప్ప మీద గుండ్రంగా చిన్న చిల్లు ఉందా? దండ గుచ్చుకోవడానికి దేవుడు పెట్టాడని మా అమ్మాయి అనుకునేది. మూన్ స్నెయిల్ అనే నత్త తొలిచి లోపలిది తినేసిన గుర్తు అది. అవి నిశ్చింతగా ఏరుకోవచ్చు, దండకీ బావుంటాయి. ఇసుకలో కాగితపు బిళ్లలు గుచ్చినట్టు పొడుగాటి దండ కనపడితే అది వెల్క్ గుడ్ల మాల. ఒక్కో బిళ్లలో పదులకొద్దీ పిల్లలు. తడిగా ఉంటే నీళ్లలోకి మళ్లీ వదిలెయ్యండి.

ఫ్లోరిడాలో ప్రాణమున్న గుల్లని తీసుకోవడం చట్టం దృష్టిలో చేపలు పట్టడంతో సమానం, లైసెన్సు నిబంధనలు వర్తిస్తాయి. శానిబెల్ ద్వీపం ఉన్న లీ కౌంటీలో దాదాపు పూర్తి నిషేధం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్తుంటారు కదా, ముందే చెప్పి తీసుకెళ్లండి.

అత్తయ్య నవంబరులో తిరిగి వెళ్లిపోయారు. శంఖాన్ని మళ్లీ అదే పట్టుచీరలో చుట్టుకున్నారు. వెళ్లేముందు ఆదివారం మేం ముగ్గురం ఆఖరుసారి తీరానికి వెళ్లాం. మా అమ్మాయి బోర్లాపడి ఉన్న గుల్లనొకదాన్ని తీసి, తిప్పి చూసి, "నానమ్మా, తలుపేసి ఉంది" అంది. మోకాలి లోతు దాకా నడిచి వెళ్లి గడ్డి పక్కన నోరు కిందికి ఉండేలా మెల్లగా పెట్టి వచ్చింది. అలా ఇరవై ఒకటి పెట్టేదాకా ఆగనంటుంది. ఇప్పటికి పదమూడు అయ్యాయి.

మీ ఊరి తీరంలో ఏం ఉన్నాయో చూసి గ్రూపులో రాయండి. మస్కట్ వాళ్లూ, మెల్‌బోర్న్ వాళ్లూ, ఉప్పాడ, భీమిలి దగ్గర అమ్మానాన్నలున్నవాళ్లూ రాస్తే మా అమ్మాయి చేత లెక్క రాయిస్తాను. ఫోటో తీసి పెట్టండి, గుల్లని మాత్రం అక్కడే వదిలెయ్యండి.